రెండు ఊళ్లలో లెక్కకొచ్చిన బిడ్డ

మదనపల్లె బస్టాండు దగ్గర నాకొక జిరాక్సు, టైపింగు కొట్టు ఉంది. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినవాణ్ణి. గణాంకాలు నాకు ఎవరూ చెప్పలేదు. థీసిస్‌లు టైపు చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను. మొదట్లో ఏది ఇస్తే అది కొట్టి ఇచ్చేవాణ్ణి. ఒకరోజు ఒక లెక్చరర్‌గారి పట్టికలో శాతాలన్నీ కూడితే నూట నాలుగు వచ్చింది. చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లాడు గాని, వారం తిరక్కముందే ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటినుంచి టైపింగు కంటే కూడికలు సరిచూపించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువయ్యారు. పాత పుస్తకాలు కొని, అర్థంకాని చోట పదిసార్లు చదివి, నా మటుకు నేను కొంత దూరం వెళ్లాను.

ప్రమోషన్లకు పరిశోధనా వ్యాసాలు లెక్కపెట్టడం మొదలయ్యాక నాకు ఇంకో పని దొరికింది. ఒకరు రాసిన వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. ఎవరి వ్యాసానికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో ఇంటర్నెట్‌లో వెతికి పట్టిక తయారు చేయాలి. ఆ పట్టికను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి, పైనుంచి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకుంటూ దిగాలి. వరుస నంబరు సైటేషన్లను ఎక్కడ దాటిపోతుందో అక్కడ ఆగాలి. దాని ముందు నంబరే ఆ మనిషి హెచ్-ఇండెక్స్. నేను ఈ మాట చెప్పినప్పుడల్లా లెక్చరర్లు నా కౌంటరు మీద వాలిపోయి చూసేవాళ్లు.

"ఏమప్పా, ఇరవై ఏండ్ల సర్వీసుకు నేను మూడేనా?" అని ఒకాయన నిష్ఠూరంగా అడిగాడు.

"మూడే సార్."

"ఇంకొకటి ఏసి నాలుగు చెయ్యప్పా. టమాటా మండీలో పెట్టెకు రెండు కాయలు ఎక్కువ ఏస్తారు కద."

"ఈడ కుదరదు సార్."

"నువ్వు యాడ దొరికినావప్పా మాకు, తూకంరాయి మాదిరి!"

ఆ మాట నాకు తిట్టులా అనిపించలేదు. ఇంటికి వెళ్లి నా భార్యతో చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఈ సంగతి ముందే రాయడానికి కారణం ఉంది. తర్వాత నేను చేసిన దానికి ఆ గర్వమే మూలం.

కుప్పంలో ఒక కాలేజీలో జన్యుశాస్త్రం చెప్పే మేడం నా దగ్గరికి మొదట వచ్చింది ఆ సైటేషన్ల పట్టిక కోసమే. ఆమె సొంతూరు పుంగనూరు. శని ఆదివారాలు ఊరికి వచ్చినప్పుడు మదనపల్లెకు వచ్చి పని చేయించుకునేది. వ్యాసాలు తొమ్మిది, హెచ్-ఇండెక్స్ మూడు. నాలుగు చెయ్యమని ఆమె అడగలేదు. పట్టిక అంతా చూసి, "అన్నా, నాకు లెక్క తప్పని మనిషి కావల. మన ఊర్లు తెలిసిన మనిషి కావల. నువ్వు నాతో వస్తావా?" అంది.

ఆమె చేయదలచుకున్న పని ఇది. మా వైపు మేనమామను చేసుకోవడం ఉంది, మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకోవడమూ ఉంది. పుట్టుకతో వినబడని పిల్లలు ఈ రెండు రకాల ఇళ్లలో ఒకేలా ఉన్నారా, మొదటి రకంలో ఎక్కువా అన్నది ఆమె ప్రశ్న. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చూసి ఫారంలో రాసుకోవాలి. వినికిడి తెలుసుకోవడానికి బిడ్డ వెనక నిలబడి స్టీలు ప్లేటు మీద గరిటెతో మూడుసార్లు కొట్టాలి. అనుమానం ఉన్నవాళ్లకు డాక్టరుకు చూపించమని చెప్పాలి. ఫారం చివర ఒక చిన్న గడి, పక్కన "బిడ్డను స్వయంగా చూశాను" అని. ఆ గడిలో టిక్కు పెట్టిన బిడ్డే లెక్కలోకి వస్తుంది. టిక్కు లేని ఫారం ఎంత బాగా నింపినా చెత్తబుట్టకే అని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

మాది చౌడేపల్లె. నేను చేసుకున్నదీ మా అక్క కూతుర్నే. ఆ మాట చెబితే ఇళ్లలో మొహమాటం పోయేది. ఒకావిడ మాత్రం మా చేతుల్లో కాగితాలు చూసి, "ఆవుల లెక్కకు వచ్చినారా? దొడ్లో ఉండాయి, పోయి సూసుకోండి" అంది.

"ఆవులు కాదమ్మా, పిల్లోళ్లు" అన్నాను.

"పిల్లోళ్లకు గూడా సబ్సిడీ ఇస్తాండారా?"

మేడం నవ్వు ఆపుకోలేక వీధిలోకి వెళ్లిపోయింది.

పని అలవాటయ్యాక ఇళ్లు పంచుకుని ఎవరికి వాళ్లం వెళ్లేవాళ్లం. సోమలలో నేను వెళ్లిన ఒక ఇంటి ముందు నాలుగైదేళ్ల పాప కూర్చుని సెనక్కాయలు వొలుస్తోంది. ఆమె అమ్మమ్మ పక్కనే ఉంది. తల్లిదండ్రులు మేనమామా మేనకోడలూ అని చెప్పింది. నేను పాప వెనక నిలబడి ప్లేటు మీద కొట్టాను. అరుగు మీదున్న కోడి ఎగిరి పక్కింట్లో పడింది. పాప చేతుల్లో కాయ చిట్లింది, పప్పు డబ్బాలో పడింది. తల తిప్పలేదు.

"ఎంత కొట్టినా అంతే నాయనా. కోడి పోయింది గాని అది తిరగలా" అంది అమ్మమ్మ.

ఫారం నింపి, టిక్కు పెట్టాను. అది నిజమైన టిక్కు.

ఆఖరి ఆదివారం పెద్దపంజాణిలో మిగిలిన ఇళ్లకు నేనొక్కణ్ణే వెళ్లాను. మేడం‌కు పరీక్షల డ్యూటీ పడింది. మధ్యాహ్నం నుంచి వాన. చివరి ఇంట్లో ఒక ముసలాయన పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఉండాదప్పా ఒగ పాప. వినబడదు, పలకదు. మా అబ్బోనికి మా కూతురి బిడ్డనే చేసుకున్యాము" అన్నాడు.

"పాప యాడుంది తాతా?"

"ఊరికి పోయింది. వస్తాది."

"ఎప్పుడొస్తుంది?"

"పిల్లోళ్లు కదప్పా, వచ్చినప్పుడు వస్తాది. నువ్వు రాసుకో, నేనేమన్నా అబద్ధం చెప్తానా?"

రోడ్డు మీద పుంగనూరు బస్సు హారను వినబడింది. ఈ ఒక్క ఫారం కోసం ఇంకో ఆదివారం రావాలి. ముసలాయన అబద్ధం చెప్పే మనిషిలా లేడు. ఆయన చెప్పలేదు కూడా. నేను పేరు, వయసు రాసుకుని, గడిలో టిక్కు పెట్టి, కాగితాలు చొక్కాలో దోపుకుని బస్సుకు పరుగెత్తాను.

లెక్కలు నేనే వేశాను. పరిశోధకులకు ఒక గీత ఉంటుంది. కనబడిన తేడా ఉత్తపుణ్యానికి, కాకతాళీయంగా వచ్చే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువుంటే అది నిజమైన తేడా అని రాసుకోవచ్చు. ఎక్కువుంటే "తేడా తేలలేదు" అని రాయాలి. మా లెక్క ఆ గీతను వెంట్రుకవాసిలో దాటింది. మేనమామ పెళ్లిళ్ల ఇళ్లలోనే ఎక్కువ అని తేలింది. నేను రెండోసారి, మూడోసారి వేశాను. అదే వచ్చింది. మేడం పుంగనూరు నుంచి మిఠాయి పొట్లం తెచ్చింది. వ్యాసం అచ్చయినప్పుడు చివర నాకు కృతజ్ఞతలు చెప్పింది. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. ఆ పేజీని జిరాక్సు తీసి కొట్లో అంటించాను.

ఆ వ్యాసానికి మొదటి ఏడు రెండు సైటేషన్లు వచ్చాయి. తర్వాత తొమ్మిది. ఎక్కడెక్కడివాళ్లో పేర్కొంటున్నారు. దాన్ని చూసి వచ్చినవాళ్లు ఆమె పాత వ్యాసాలు కూడా చదివారేమో, వాటికీ ఒకటీ రెండూ పెరిగాయి. హెచ్-ఇండెక్స్ నాలుగైంది, ఐదైంది. ప్రతిసారీ పట్టిక నేనే చేశాను.

అలా ఉండగా ఒక ఉదయం ఒకామె కొట్టుకు వచ్చింది. పాపకు వినబడదని సదరం సర్టిఫికెట్టు కావాలి, ఆధార్ జిరాక్సులు తియ్యమంది. పక్కన పది పదకొండేళ్ల ఆడపిల్ల. నేను మిషను మూత వేస్తుంటే ఆ పిల్ల దాని కింద వెలుగు జరిగిపోవడాన్ని వంగి చూసింది. ఆ మెడ వంపు నాకు తెలుసు. సోమలలో సెనక్కాయలు వొలిచిన పాప. కాని చేతిలో ఉన్న కార్డు మీద ఊరు పెద్దపంజాణి అని ఉంది. పాప పేరు దగ్గర, నేను వానలో రాసుకున్న పేరు.

"అమ్మా, మీది సోమల కదా?" అని అడిగాను.

"సోమల మా అమ్మోళ్లది సార్. నన్ను ఇచ్చింది పెద్దపంజాణికి, మా మేనమామకే. పాప పుట్నప్పట్నుంచి మా అమ్మ దగ్గరే ఉండాది. సెలవులకు, పండగలకు మా ఇంటికొస్తాది."

"ఇంకొక పాప..."

"ఇంగెవరూ ల్యా సార్. ఇది ఒకతే." ఆమె నన్ను అనుమానంగా చూసింది. "యాల సార్, కార్డులో ఏమన్నా తప్పుండాదా?"

"లేదమ్మా, కార్డు సరిగ్గానే ఉంది" అన్నాను.

మా వైపు తొలి బిడ్డను అమ్మమ్మ పెంచడం ఎక్కడా లేని సంగతేం కాదు. నన్నూ మా అమ్మమ్మే పెంచింది. మా ఊళ్లో అడిగినా, మా అమ్మమ్మ ఊళ్లో అడిగినా నన్ను తమ పిల్లవాడనే చెప్పేవాళ్లు. సోమలలో ముద్దుపేరు చెప్పారు, పెద్దపంజాణిలో బడి పేరు చెప్పారు, వయసు ఇద్దరూ ఉజ్జాయింపుగా చెప్పారు. ఇవన్నీ నాకు తెలిసి ఉండాల్సినవి. మేడం నన్ను వెంట తీసుకెళ్లిందే అందుకు. తండ్రి ఊరేదని అడిగే గడి ఫారంలో లేకపోవడం ఆమె పొరపాటేనని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాని బిడ్డ కోసం ఇంకో ఆదివారం ఆగి ఉంటే, ఆ గడి అవసరమే ఉండేది కాదు. ఒకసారి చూసిన పిల్లను గుర్తుపట్టేవాణ్ణి. ఆరేళ్ల తర్వాత గుర్తుపట్టినవాణ్ణి, వారాల్లో పట్టనా?

ఆ మధ్యాహ్నమే షట్టరు సగం దించి, పాత ఫైలు తీసి, ఒక్క బిడ్డను తీసేసి లెక్క వేశాను. గీతకు ఇవతలికి వచ్చేసింది. "తేడా తేలలేదు" అని రాయాల్సిన లెక్క అది.

అప్పటికి సైటేషన్లు ఇరవై మూడు.

చెప్పలేదు. ఒక నెల కాదు, మూడేళ్లు చెప్పలేదు. ఒక్క బిడ్డే కదా అనుకున్నాను. ఎక్కువ ఇళ్లు తిరిగి ఉంటే ఎలాగూ అదే తేలేదేమో అనుకున్నాను. మేడం ఫోన్ చేసి, "అన్నా, ఇప్పుడెంత?" అని అడిగినప్పుడు ముప్పై ఒకటి అనీ, ముప్పై ఎనిమిది అనీ చెప్పాను. చెప్పిన అంకె ప్రతిసారీ సరైనదే. ఆమె సంతోషంలో నేను కూడా సంతోషంగా మాట్లాడాను. అవతల ఆమె నవ్వు ఆగేదాకా ఫోన్ పెట్టేసేవాణ్ణి కాదు.

ఇంట్లో మాత్రం ఒకసారి చెప్పబోయాను. నా భార్య వినకుండానే, "నువ్వు తప్పు చేసినావంటే నమ్మేదెవురు? పో, పోయి స్నానం చెయ్" అంది. వెళ్లి స్నానం చేశాను.

చివరికి నన్ను పట్టుకుంది ఎవరో పరిచయం లేని పరిశోధక విద్యార్థి థీసిస్. అతను చేతిరాత కాగితాలు టైపింగుకు ఇచ్చి వెళ్లాడు. రెండో అధ్యాయంలో మేడం వ్యాసం పేరు, దాని కింద ఒక వాక్యం: చిత్తూరు వైపు పల్లెల్లో మేనమామ పెళ్లిళ్లలో పుట్టిన పిల్లల్లో వినికిడి లోపం ఎక్కువని రుజువైంది. అప్పటిదాకా సైటేషన్ అంటే నాకు తెరమీద ఒక అంకె. ఇప్పుడు ఆ అబద్ధాన్ని నా వేళ్లతోనే అక్షరం అక్షరం కొట్టాలి. "రుజువైంది" దగ్గర ఆగిపోయాను. కాసేపటికి కొట్టాను. తప్పని తెలిసి కొట్టిన మొదటి వాక్యం అది. ఆ అబ్బాయికి కూడా ఏమీ చెప్పలేదు. కాగితాలు తీసుకుని థాంక్స్ చెప్పి వెళ్లాడు.

అదే వారం మేడం ప్రొఫెసర్ పోస్టుకు అప్లికేషన్ పంపించింది, టైపు చెయ్యమని. వ్యాసాల్లో అన్నింటికంటే మేలైనది ఏదో రాయమన్న చోట ఆ వ్యాసమే ఉంది. కింద, పై వివరాలన్నీ నిజమని ఆమె సంతకం చేయాల్సిన చోటు. నేను టైపు చేయకుండా ఫైలు సంచిలో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను.

మేడం ల్యాబు పక్క గదిలో టిఫిను డబ్బా విప్పుతోంది. "ఏమ్నా, ఇంత దూరం నువ్వే వచ్చినావు? మెయిల్ చేసుంటే సాలు కద" అంది. తినమని సగం చిత్రాన్నం మూతలో పెట్టబోయింది. వద్దన్నాను. రెండు ఫారాలూ ఆమె ముందు పక్కపక్కన పెట్టాను. చెప్పాను.

ఆమె మొదట లెక్క గురించి అడగలేదు.

"సూడకుండానే టిక్కు పెట్నావా అన్నా?"

"పెట్టినాను మేడం."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మూడేండ్లయింది."

చేతిలో ముద్ద డబ్బాలో వేసేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి ఫారాలు రెండూ మళ్లీ చదివింది. తర్వాత మెల్లగా అడిగింది: "మిగతా టిక్కులు?"

నేను ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. ఒక్క బిడ్డను తీసేస్తే ఏమవుతుందో చూపించే కాగితం తెచ్చుకున్నాను, అది చాలనుకున్నాను. మిగతావన్నీ చూసే పెట్టానని నాకు తెలుసు. కాని ఆమె దగ్గర దానికి ఆధారం నా మాట ఒక్కటే.

"అన్నీ సూసినాను మేడం. ఇది ఒక్కటే."

"ఇది గూడా సూసినా అనే కద రాసినావు."

ఆమె ఫారాలు రెండూ తీసుకుంది, నా చేతిలోని మొత్తం ఫైలు కూడా తీసుకుంది. "నువ్వు పో అన్నా. బస్సు పోతాది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆ ప్రయాణం కొంత తేలికయ్యేది.

ఆ ఎండాకాలమంతా ఆమె ఇంకొకరిని వెంటబెట్టుకుని మేం తిరిగిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లింది. నన్ను పిలవలేదు. చౌడేపల్లెలో మా ఇంటి పక్కవాళ్లు, "మీ మేడం వచ్చింది, నువ్వు రాలేదే?" అని అడిగితే కొట్లో పనుందని చెప్పాను. మిగతా టిక్కులన్నీ సరిగ్గానే ఉన్నాయని తర్వాత ఒక్క లైను మెసేజి పెట్టింది. వ్యాసం అచ్చేసిన పత్రికకు సవరణ రాసింది. "మా లెక్కలో ఒక బిడ్డ రెండుసార్లు చేరింది, దాన్ని తీసేస్తే తేడా తేలలేదు" అని. నా పేరు లేదు. "మా" అని ఉంది. ఆ మాటలో ఆమె నా తప్పును తన నెత్తిన వేసుకుంది. దాన్ని చదివాక కొట్లో అంటించిన పేజీ తీసేశాను.

అప్లికేషన్ మాత్రం మళ్లీ నాకే వచ్చింది. మేలైన వ్యాసం దగ్గర వేరొకటి రాసింది. పాత వ్యాసం జాబితాలో అలాగే ఉంచి, దాని కింద సవరణను ఇంకో వరుసగా చేర్చమంది. అప్లికేషన్లో ఒక్కో వ్యాసానికీ ఇన్ని మార్కులని ఎవరికి వాళ్లే వేసుకోవాలి. సవరణకు ఎన్ని వేయాలని ఫోన్లో అడిగాను.

"సున్నా అన్నా. తప్పు దిద్దినందుకు మార్కులు యాడ ఇస్తారు?"

సున్నా వేశాను. పాత వ్యాసానికి వేసుకోగలిగిన మార్కులు కూడా వేసుకోవద్దంది. మొత్తం కూడితే కావలసిన దానికి నాలుగు తక్కువ వచ్చింది. రెండోసారి కూడి చూసినా అంతే. ఆమె ముందు చేత్తోనే కూడి పెట్టుకుందట, నాలుగే అని నాకంటే ముందే చెప్పింది. అయినా పంపమంది. ఆ పోస్టు వేరొకరికి వచ్చింది. ఆమె ఇప్పటికీ అదే గదిలో, అదే హోదాలో పాఠాలు చెబుతోంది.

సవరణ వచ్చాక కూడా పాత వాక్యాన్ని పేర్కొనేవాళ్లు ఆగలేదు. కిందటి నెల చూసినప్పుడు నలభై ఏడు. సవరణకు రెండు. ఆ రెంటిలో ఒకటి మేడం తనే రాసింది. నేను పాత వాక్యం కొట్టిచ్చిన ఆ విద్యార్థి నంబరు వెతికి ఫోన్ చేశాను. థీసిస్ అప్పటికే ఒప్పుకున్నారట, డిగ్రీ వచ్చేసిందట. "ఇప్పుడు మార్చేదానికి కాదన్నా" అన్నాడు. మంచిగానే అన్నాడు.

ఈ ఏడు మేడం మళ్లీ సర్వే మొదలుపెట్టింది, ఈసారి ఎక్కువ ఊళ్లలో. ఫారంలో తల్లి ఊరు, తండ్రి ఊరు, బిడ్డ ఏ ఇంట్లో ఎన్నాళ్లుంటుందన్న గడులు చేర్చింది. ఇద్దరు విద్యార్థులు కలిసి లోపలికి వెళ్లి, ఇద్దరూ బిడ్డను చూసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. నాకు కూడా కబురొచ్చింది. లోపలికి వెళ్లే పని కాదు. బయట అరుగు మీద కూర్చుని, వచ్చిన ఫారాలకు వరుస నంబర్లు వేసి, ఒకే బిడ్డ రెండుచోట్ల వచ్చిందేమో సరిచూసే పని. వెళ్లాను.

మొన్న ఆదివారం సోమల దగ్గరి పల్లెలో అలా కూర్చుని ఉంటే, ఆ ఇంటి పెద్దావిడ బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"పిల్లోళ్లంతా లోపల ఉండారు. పెద్దోడివి, నువ్వు యాల ఈడ కూసున్యావప్పా?"

నంబర్లు వేస్తున్నానని చెబితే సరిపోయేది.

"పోయినసారి బిడ్డను సూడకుండానే సూసినా అని రాసినానమ్మా. అందుకే నన్ను లోపలికి పంపించరు" అన్నాను.

"అట్లయితే ఈడే ఉండు" అంది. వాకిలి దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మజ్జిగ తాగుతావా?"

తాగుతానన్నాను. లోపలినుంచి విద్యార్థి తెచ్చిచ్చిన ఫారం మీద రెండు సంతకాలూ ఉన్నాయో లేదో చూసి, పదిహేడని వేశాను.